సీడీ41 కంట్రోల్‌లో సగం కూడా రావట్లేదు, గ్లాంజ్‌మాన్ అని రాసేయాలా?

నీలిమూత · సోమవారం రాత్రి 9:48

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. రాయలసీమలో ఒక జిల్లా కేంద్రంలో ల్యాబ్‌లో చేస్తున్నాను. ఫ్లో సైటోమీటర్ (రంగు యాంటీబాడీ అంటించిన కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వెలుగు కొలిచే మిషన్) ఉంది గానీ దాని మీద నడిచేదంతా లుకేమియా ప్యానెళ్లే, ప్లేట్‌లెట్ల జోలికి నేనెప్పుడూ పోలేదు. ఇవాళ 14 ఏళ్ల అమ్మాయి శాంపిల్ వచ్చింది. పెద్దమనిషి అయిన దగ్గర్నుంచి నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగదట, చిన్నప్పుడు ముక్కు వెంట తరచూ రక్తం కారేదట. హిమోగ్లోబిన్ 7.2, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 64, ప్లేట్‌లెట్లు 5.1 లక్షలు, గడ్డకట్టే పరీక్షలు పీటీ ఏపీటీటీ రెండూ నార్మల్. అమ్మానాన్నలది మేనరికం, వాళ్లమ్మ సొంత మేనమామనే చేసుకుంది. ఆ మాట వినగానే పిల్లల డాక్టర్ గారు చీటీ మీద "గ్లాంజ్‌మాన్?" (ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోని పుట్టు జబ్బు) అని రాసి మాకు పంపేశారు.

ప్లేట్‌లెట్లు అతుక్కునే తీరు (అగ్రిగేషన్) కొలిచే అగ్రిగోమీటర్ మా దగ్గర లేదు. ఎం7 లుకేమియా (ప్లేట్‌లెట్లు తయారుచేసే కణాల క్యాన్సర్) కోసం తెప్పించిన సీడీ41, సీడీ61 వయల్స్ (ప్లేట్‌లెట్ మీది ప్రోటీన్లకి అతుక్కునే రంగు యాంటీబాడీలు) ఫ్రిజ్‌లో ఉన్నాయి, సీడీ42బి కూడా ఒకటి దొరికింది. లుకేమియాకి ఎలా చేస్తామో అలాగే చేశాను: ఊదా మూత (ఈడీటీఏ) ట్యూబ్‌లోంచి 100 మైక్రోలీటర్ల రక్తం, ఒక్కో యాంటీబాడీ 5 మైక్రోలీటర్లు, చీకట్లో 20 నిమిషాలు, ఎర్రకణాలు పగలగొట్టే ద్రావణం, రెండు వాష్‌లు. కంట్రోల్‌గా మా ల్యాబ్ అబ్బాయి రక్తమే తీసుకున్నాను, వాడి ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు.

సీడీ41 ఎంఎఫ్‌ఐ (ఒక్కో కణం సగటు వెలుగు) కంట్రోల్‌కి 12,400, అమ్మాయికి 4,700. అంటే 38 శాతం. సీడీ61 కూడా దాదాపు అంతే. సీడీ42బి కంట్రోల్‌కి 6,100, అమ్మాయికి 4,800. పాజిటివ్ శాతం మాత్రం ఇద్దరికీ 98 పైనే. గ్లాంజ్‌మాన్ అయితే సీడీ41 అసలు ఉండకూడదు కదా, ఇదేమో ఉంది, కానీ సగం కూడా లేదు. రేపు సాయంత్రానికి రిపోర్ట్ కావాలంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

డీఎంఎల్‌టీ_కుర్రాడు · రాత్రి 9:59

అక్కా, నాకు గ్లాంజ్‌మాన్, బెర్నార్డ్ సూలియర్ ఎప్పుడూ కలిసిపోతాయి. పోయిన పరీక్షలో ఒకదానికి ఇంకోటి రాసొచ్చా. ఎవరైనా తేలిగ్గా చెప్తారా?

ప్లాస్మాబాబాయ్ · రాత్రి 10:14

చెప్తా కూర్చో. ప్లేట్‌లెట్ మీద మనకి కావాల్సిన కొక్కేలు రెండు రకాలు. మొదటిది గోడకి తగులుకునే కొక్కెం, దాని పేరు జీపీ1బి, మన భాషలో సీడీ42బి. రక్తనాళం చీరుకుపోయిన చోట వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అతుక్కుని ఉంటుంది, దాన్ని పట్టుకునేది ఇదే. రెండోది ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కెం, జీపీ2బి/3ఎ. దీన్లో 2బి భాగం సీడీ41, 3ఎ భాగం సీడీ61, ఈ రెండూ జంటగానే పైకొస్తాయి. మధ్యలో తాడు ఫైబ్రినోజెన్. గోడ కొక్కెం లేకపోతే బెర్నార్డ్ సూలియర్, 1948లో పారిస్‌లో ఇద్దరు డాక్టర్లు రాశారు, ప్లేట్‌లెట్లు తక్కువగా, ఏనుగుల్లా పెద్దగా ఉంటాయి. తాడు పట్టుకునే కొక్కెం లేకపోతే గ్లాంజ్‌మాన్, 1918లో స్విట్జర్లాండ్ పిల్లల డాక్టర్ గ్లాంజ్‌మాన్ రాశాడు, లెక్కా సైజూ నార్మలే కానీ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవు. స్లైడ్ మీద విడివిడిగా పడి ఉంటాయి, అంటు లేని బంధువుల్లా.

మేనరికం సంగతి డాక్టర్ గారు ఊరికే అడగలేదు. రెండు వైపుల నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే వచ్చే జబ్బు ఇది. 1981లోనే వెల్లూరు వాళ్లు దక్షిణ భారతం నుంచి 42 కేసులు కలిపి రాశారు.

నీలిమూతా, స్లైడ్ చూశావా అమ్మా? ఈడీటీఏ లేకుండా, వేలికొస నుంచి నేరుగా తీసిన స్లైడ్?

నీలిమూత · రాత్రి 10:21

చూశాను బాబాయ్. ప్లేట్‌లెట్లు గుంపులుగానే ఉన్నాయి. సైజు కూడా మామూలే. ఇంకో మాట, మా సార్ పాతకాలం మనిషి, గ్లాస్ ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టించి నీళ్ల స్నానంలో పెట్టారు, గంటకి గడ్డ చక్కగా కుంచించుకుంది. గ్లాంజ్‌మాన్‌లో అలా కుంచించుకోదు కదా, అందుకే ఇంకా అయోమయంగా ఉంది.

హిస్టోగ్రామ్_రాజు · రాత్రి 10:30

యాంటీబాడీ పోయి ఉంటుంది మేడమ్. ఎం7 కేసులు ఏడాదికి ఎన్నొస్తాయి, ఆ వయల్ ఎన్నాళ్ల నుంచి ఫ్రిజ్ తలుపులో ఊగుతోందో. లేదంటే వోల్టేజ్ కొంచెం పెంచి మళ్లీ నడపండి, పైకొస్తుంది. మేం కూడా అన్నిటికీ 100 మైక్రోలీటర్లే, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

గేటింగ్_లలిత · రాత్రి 10:52

రాజు గారూ, వోల్టేజ్ పెంచితే ఇద్దరికీ పెరుగుతుంది, నిష్పత్తి 38 శాతం దగ్గరే ఉంటుంది. యాంటీబాడీ పాడైతే కూడా అంతే, ఇద్దరికీ ఒకేలా తగ్గాలి. కంట్రోల్‌కి బాగా అతుక్కుని పిల్లకి మాత్రం మొహం చాటేసే వయల్ ఉండదు. అయినా గడువు తేదీ చూడటం మంచిదే, ముఖ్యంగా ఏపీసీ, పీఈ లాంటి రంగులున్నవి పొరపాటున ఫ్రీజర్‌లో పెట్టారేమో చూడండి. గడ్డకట్టి కరిగితే పీఈ పనైపోయినట్టే.

నీలిమూత గారూ, మీరు ఒక మంచి పని చేశారు, శాతం కాకుండా ఎంఎఫ్‌ఐ చూశారు. చాలా రిపోర్టుల్లో "సీడీ41 పాజిటివ్ 98 శాతం, నార్మల్" అని రాసేస్తారు. గీత దాటిన ప్లేట్‌లెట్లు ఎన్ని అన్నదే అది చెప్తుంది, ఒక్కోదాని మీద ఎంతుందో చెప్పదు. కొక్కేలు 20 శాతమే మిగిలిన టైప్ 2 గ్లాంజ్‌మాన్ పేషెంట్ కూడా గీత దాటేస్తుంది.

ఇక 38 శాతం. గ్లాంజ్‌మాన్ టైప్ 1 అంటే కొక్కేలు మామూలులో 5 శాతం లోపు, టైప్ 2 అంటే 5 నుంచి 20 వరకు. క్యారియర్లకి (ఒక వైపు నుంచే చెడ్డ జన్యువు వచ్చినవాళ్లకి) దాదాపు సగం, వాళ్లకి మామూలుగా రక్తస్రావం ఉండదు. ఉండీ పనిచేయని రకం వేరియంట్. మీ పిల్ల వీటిలో దేనిలోనూ సరిగ్గా ఇమడట్లేదు, పైగా గడ్డ కుంచించుకుంది, స్లైడ్ మీద గుంపులున్నాయి. నాకు అన్నిటికంటే అనుమానం వేసింది సీడీ42బి. గ్లాంజ్‌మాన్‌లో అది తగ్గకూడదు. మీకు 79 శాతమే వచ్చింది. రెండు వేర్వేరు కొక్కేలు, వేర్వేరు జన్యువులు, ఒకేసారి ఎందుకు తగ్గుతాయి?

గేట్ ఎలా వేశారు? అంటే స్క్రీన్ మీద ప్లేట్‌లెట్లు ఇవీ అని ఎలా గీత గీసి ఎంచుకున్నారు?

నీలిమూత · రాత్రి 11:03

ఫార్వర్డ్, సైడ్ స్కాటర్ (కణం సైజు, లోపలి గరుకు చూపించేవి) రెండూ లాగ్ స్కేల్‌లో పెట్టి, కింద ఎడమ మూల మేఘం చుట్టూ వేశాను మేడమ్. వయల్స్ గడువు ఇంకా ఎనిమిది నెలలుంది. సీడీ41 ఫిట్సీ, సీడీ61 పీఈ, సీడీ42బి ఏపీసీ. వయల్ మీద మిల్లీలీటర్‌కి 50 మైక్రోగ్రాములు అని ఉంది, మూడింటి మీదా అంతే.

సుబ్బు_చలిదేశం · రాత్రి 11:40

ఇక్కడ నాకు మధ్యాహ్నం, ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ తిరుగుతుండగా చదివాను. ఆ ఆఖరి లైన్ రాయకపోతే నాకూ తట్టేది కాదు. కాగితం తీసుకోండి.

విశ్రాంతిలో ఉన్న ఒక ప్లేట్‌లెట్ మీద జీపీ2బి/3ఎ కాపీలు దాదాపు 80,000. జీపీ1బి దాదాపు 25,000. ఒక మైక్రోగ్రామ్ ఐజీజీ యాంటీబాడీలో దాదాపు 4 లక్షల కోట్ల అణువులుంటాయి (బరువు 150 కిలోడాల్టన్లు, మిగతాది అవొగాడ్రో చూసుకుంటాడు). మీరు వేసింది 5 మైక్రోలీటర్లు, అంటే 0.25 మైక్రోగ్రామ్, అంటే 1 లక్ష కోట్ల అణువులు.

ఇప్పుడు సీట్లు లెక్కపెడదాం. ఆ అమ్మాయి రక్తం 100 మైక్రోలీటర్లలో 5.1 కోట్ల ప్లేట్‌లెట్లు. ఒక్కోదాని మీద 80,000 చొప్పున 4 లక్షల కోట్ల సీట్లు. మీ దగ్గరున్న యాంటీబాడీ 1 లక్ష కోట్లే! మీ ల్యాబ్ అబ్బాయికి 1.9 కోట్ల ప్లేట్‌లెట్లు, 1.5 లక్షల కోట్ల సీట్లు. వాడికీ చాలలేదు, కానీ అంత ఘోరంగా కాదు. ఉన్నదాన్ని సమానంగా పంచితే అబ్బాయి ప్లేట్‌లెట్‌కి 52 వేలు, అమ్మాయి ప్లేట్‌లెట్‌కి 19 వేల చిల్లర. నిష్పత్తి 37 శాతం. మీకొచ్చింది 38.

సీడీ42బికి కూడా వేయండి. అమ్మాయికి 1.27 లక్షల కోట్ల సీట్లు, యాంటీబాడీ 1 లక్ష కోట్లు, కొంచెం తక్కువ పడింది. అబ్బాయికి 47 వేల కోట్ల సీట్లే, పుష్కలంగా సరిపోయింది. నిష్పత్తి 78. మీకు 79.

ఒక యాంటీబాడీ రెండు చేతులతో రెండు సీట్లు పట్టుకోవచ్చు, రంగు అంటించేటప్పుడు కొన్ని పనికిరాకుండా పోవచ్చు, కాబట్టి ఇంత దగ్గరగా కుదరడం కొంత అదృష్టం. అంకెలు అటూ ఇటూ అయినా సంగతి మాత్రం ఇదే: మీరు కొలిచింది ఆ పిల్ల కొక్కేల్ని కాదు, ఆ పిల్ల ప్లేట్‌లెట్ కౌంట్‌ని. ఐరన్ లేక ప్లేట్‌లెట్లు పెరిగాయి, పెరిగినవి యాంటీబాడీని పంచుకున్నాయి, అంతే.

ప్లాస్మాబాబాయ్ · రాత్రి 11:52

ఐదొందల విస్తళ్లు వేసి నూట ఇరవై లడ్డూలు తెచ్చి, పంక్తిలో ఎవరికీ పూర్తి లడ్డూ రాలేదు కాబట్టి వీళ్లకి షుగరేమో అన్నట్టుంది మన వ్యవహారం.

రక్తచందనం · మంగళవారం ఉదయం 6:20

పిల్లల డాక్టర్‌ని, హెమటాలజీ చూస్తుంటాను. రాత్రి చదివి నిద్రపోలేదు. ఒక అభ్యంతరం. లుకేమియా ప్యానెళ్లు అన్నీ 100 మైక్రోలీటర్లతోనే చేస్తారు, యాంటీబాడీ కంపెనీ కరపత్రంలో కూడా అదే ఉంటుంది. ఇన్నేళ్లుగా అందరూ తప్పు చేస్తున్నారా? వేరియంట్ గ్లాంజ్‌మాన్‌లో గడ్డ కొంతవరకు కుంచించుకోవచ్చు కూడా. లెక్క కుదిరింది కదా అని జబ్బు లేదనేయడం నాకు భయం. ఇలా తేల్చేసి పంపితే రేపు పన్ను పీకించుకోడానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లల్ని చూశాను.

గేటింగ్_లలిత · ఉదయం 7:05

డాక్టర్ గారూ, లేదనేయమని ఎవరూ అనలేదు, ఇంకా కొలవనేలేదు అంటున్నాం. లుకేమియాలో మనం చూసేది తెల్లకణాల్ని. మైక్రోలీటర్‌కి 5,000 నుంచి 10,000. 100 మైక్రోలీటర్లలో పది లక్షలు, అంతే. అదే రక్తంలో ప్లేట్‌లెట్లు కోట్లలో ఉంటాయి. తెల్లకణాల గుర్తు సీడీ45కి సరిపోయే మోతాదు సీడీ41కి సరిపోవాలని లేదు. ఎం7 ప్యానెల్‌లో అదే వయల్ వాడితే చాలాసార్లు బయటపడదు, ఎందుకంటే ఆ పేషెంట్లకి ప్లేట్‌లెట్లు ఇరవై ముప్పై వేలే ఉంటాయి. (ఎం7లో ఇంకో గొడవ, ప్లేట్‌లెట్లు బ్లాస్ట్‌లకి (లుకేమియా కణాలకి) అంటుకుని సీడీ41 పాజిటివ్ అని అబద్ధం చెప్పిస్తాయి, అందుకే కణం లోపల కూడా చూడమంటారు. అది వేరే దారం, ఇక్కడొద్దు.)

నీలిమూత గారూ, ఇవాళ కొత్త శాంపిల్ అడగండి. నీలం మూత ట్యూబ్, 3.2 శాతం సిట్రేట్. చెయ్యి గట్టిగా బిగించి కట్టొద్దు, సూది 21 గేజ్, మొదటి రెండు మిల్లీలీటర్లు వేరే ట్యూబ్‌లోకి. ఐస్‌లో పెట్టొద్దు, ఊపొద్దు, వోర్టెక్స్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. 5 మైక్రోలీటర్ల రక్తం, మీద 50 మైక్రోలీటర్ల బఫర్, యాంటీబాడీ అదే 5. ఇప్పుడు అమ్మాయికి సీట్లు 20 వేల కోట్లు, యాంటీబాడీ లక్ష కోట్లు, ఐదింతలు. చీకట్లో 20 నిమిషాలు కదపకుండా. ఎర్రకణాలు పగలగొట్టే పనే లేదు, వాష్ అక్కర్లేదు, సెంట్రిఫ్యూజ్ అసలే వద్దు. ఒక మిల్లీలీటర్ బఫర్ పోసి, తక్కువ వేగంలో నడపండి. వేగంగా నడిపితే రెండు మూడు కణాలు కలిసి ఒకటిగా పడతాయి.

సీడీ41, సీడీ61 ఒకే జంట మీద కూర్చునేవి కాబట్టి క్లోన్లని (ఒకే ప్రోటీన్‌కి చేసిన వేర్వేరు యాంటీబాడీ రకాల్ని) బట్టి ఒకదాన్నొకటి తోసుకోవచ్చు, వేర్వేరు ట్యూబుల్లో వేయండి. ప్రతి ట్యూబ్‌లోనూ సీడీ42బి ఉంచి దాని మీదే గేట్ వేయండి. కొలుస్తున్నదాని మీదే గేట్ వేస్తే అది లేని ప్లేట్‌లెట్లు గేట్ బయటే ఉండిపోతాయి, మిగిలినవి చూసి అంతా నార్మల్ అంటాం. బెర్నార్డ్ సూలియర్ అనుమానమైతే తిరగేసి సీడీ61 మీద వేయాలి, గేట్ కూడా పెద్దదిగా, లేకపోతే ఏనుగులు ఎర్రకణాల్లో కలిసిపోతాయి.

డీఎంఎల్‌టీ_కుర్రాడు · ఉదయం 7:31

మేడమ్ ఊదా మూత ఎందుకు వద్దు? రెండూ రక్తం గడ్డకట్టకుండా ఆపేవే కదా.

సుబ్బు_చలిదేశం · ఉదయం 7:44

మంచి ప్రశ్న. సీడీ41, సీడీ61 జంటని కలిపి ఉంచడంలో కాల్షియంకి వాటా ఉంది. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది, ముఖ్యంగా 37 డిగ్రీల దగ్గర జంట విడిపోతుంది. కొన్ని సీడీ41 క్లోన్లు జంటని జంటగా ఉంటేనే గుర్తుపడతాయి, విడిపోతే పట్టుకోవు. మన ఎండాకాలంలో ఊదా మూత ట్యూబ్ ఆటో డ్యాష్‌బోర్డు మీద మూడు గంటలు ఉంటే ఏమవుతుందో ఊహించుకో. సిట్రేట్ కూడా కాల్షియంనే పట్టుకుంటుంది గానీ చేతి పట్టు వదులు.

ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపు కట్టి కౌంట్ తప్పుగా తక్కువ చూపిస్తుందే, ఆ గొడవ కూడా ఈ కొక్కేనిదే. ఈడీటీఏ వల్ల దాని ఆకారం మారి దాగున్న భాగం బయటపడితే, కొందరి రక్తంలో ఉండే యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది.

నీలిమూత · మంగళవారం మధ్యాహ్నం 3:36

చేశాను!! చేతులు వణుకుతూనే చేశాను.

సీడీ41: కంట్రోల్ 18,600, అమ్మాయి 19,300. సీడీ61 ఇద్దరికీ సమానం. సీడీ42బి: కంట్రోల్ 6,200, అమ్మాయి 6,300.

కంట్రోల్‌ది కూడా 12,400 నుంచి 18,600కి ఎక్కింది చూడండి, సుబ్బు గారు చెప్పినట్టే నిన్న వాడికీ చాలలేదు. సీడీ42బి మాత్రం వాడిది దాదాపు కదల్లేదు. తర్వాత లలిత మేడమ్ మాట మీద మిగిలిన రక్తంతో యాంటీబాడీని 1, 2, 5, 10 మైక్రోలీటర్లు వేసి టైట్రేషన్ కూడా చేశాను. 5 మైక్రోలీటర్ల రక్తానికి 2 దగ్గరే పైకెక్కడం ఆగిపోయింది. ఇన్నాళ్లూ మనం ప్రతి వయల్‌నీ కరపత్రం చూసి గుడ్డిగా వేస్తున్నామన్నమాట.

ప్లాస్మాబాబాయ్ · మధ్యాహ్నం 3:50

శభాష్. ఆ 5.1 లక్షలు నిజమేనా అది కూడా చూడు. ఎంసీవీ 64 ఉన్న రక్తంలో చిట్టి ఎర్రకణాల ముక్కల్ని కూడా మిషన్ ప్లేట్‌లెట్లుగా లెక్కేస్తుంది ఒక్కోసారి. నీ ఫ్లోలోనే తేలుతుంది: ఒక ప్లేట్‌లెట్‌కి ఎన్ని ఎర్రకణాలు పడుతున్నాయో చూడు, ఎర్రకణాల కౌంట్‌ని దాంతో భాగించు. 2001లో అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతిగా పెట్టింది ఇదే, సీడీ41, సీడీ61 రెండూ కలిపి వాడమన్నారు, ఏ మిషన్ కౌంట్ సరో తేల్చేది దీంతోనే.

నీలిమూత · సాయంత్రం 4:25

ఎర్రకణాలు 40 లక్షలు, నిష్పత్తి 8.3కి ఒకటి. అంటే 4.8 లక్షలు. మిషన్ కొంచెం ఎక్కువ చెప్పింది గానీ మరీ అబద్ధం కాదు.

రక్తచందనం · సాయంత్రం 5:10

నా అభ్యంతరం సగం వెనక్కి తీసుకుంటున్నాను. రెండో సగం ఉంది. కొక్కెం ఉంది సరే, పనిచేస్తోందా? వేరియంట్ సంగతి ఇంకా తేలలేదు.

సుబ్బు_చలిదేశం · సాయంత్రం 6:02

నిజమే డాక్టర్ గారూ, సీడీ41 నార్మల్ అయినంత మాత్రాన వేరియంట్ కొట్టుకుపోదు. దానికి వేరే యాంటీబాడీ ఉంది, పాక్‌-1. 1985లో షాటిల్ బృందం చేసింది, నాకు భలే ఇష్టమైన యాంటీబాడీ. మామూలు సీడీ41 యాంటీబాడీ కొక్కెం ముడుచుకున్నా తెరుచుకున్నా పట్టుకుంటుంది. పాక్‌-1 తెరుచుకున్నదాన్నే పట్టుకుంటుంది, ఎందుకంటే దాని కొసన ఫైబ్రినోజెన్ తాడు ముడిని పోలిన ముక్క ఉంది, తాడే అనుకుని కొక్కెం మోసపోతుంది. ప్లేట్‌లెట్‌కి ఏడీపీ వేసి లేపి పాక్‌-1 వేస్తే, మామూలు వాళ్లలో వెలుగుతుంది, వేరియంట్‌లో వెలగదు. పక్కనే సీడీ62పి కూడా వేయాలి. అది లోపలి సంచుల్లోంచి పైకొచ్చేది, ప్లేట్‌లెట్ నిజంగా లేచిందా లేదా చెప్తుంది. సీడీ62పి వెలిగి పాక్‌-1 వెలగకపోతే అప్పుడు కంగారు పడాలి.

జాగ్రత్తలు: అది ఐజీఎం, పెద్ద గుమ్మడికాయ. కాల్షియం కావాలి కాబట్టి ఈడీటీఏ పనికిరాదు. ఫార్మాలిన్ వేసే ముందే వేయాలి. తాజా రక్తం కావాలి. నేను కొత్తలో వేరే ఊరి నుంచి పాక్‌-1 కోసం శాంపిల్ తెప్పిస్తే, పాపం వాళ్లు శ్రద్ధగా ఐస్ ప్యాకుల మధ్య పెట్టి బస్సులో పంపారు. చలికి ప్లేట్‌లెట్లు ఆకారం మారి, సగం లేచి కూర్చున్నాయి. పేషెంట్‌కి ఏ మందూ వేయకముందే అన్నీ వెలిగిపోయాయి. అరటిపండు ఫ్రిజ్‌లో పెట్టినట్టు.

ప్లాస్మాబాబాయ్ · సాయంత్రం 6:30

ఈ కొక్కేనికి చేసిన ఇంకో యాంటీబాడీ ల్యాబ్ దాటి గుండె వార్డుకే వెళ్లింది. న్యూయార్క్ దగ్గర స్టోనీ బ్రూక్‌లో బారీ కోలర్ 7ఈ3 అనే యాంటీబాడీ చేశాడు, అది కొక్కేన్ని మూసేస్తుంది. దాని ముక్కని మనిషికి సరిపడేలా మార్చి ఎబ్సిక్సిమాబ్ అని 1994లో అమెరికాలో అనుమతి ఇచ్చారు, గుండె నాళాల్లో బెలూన్ వేసేటప్పుడు ప్లేట్‌లెట్లు గడ్డకట్టకుండా. అంటే ఒక రోజు రెండు రోజులు మనిషికి గ్లాంజ్‌మాన్ తెప్పించే మందు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక పెద్ద డాక్టర్ ఇది చెప్తే నమ్మలేదు, పందెం కాసి పెసరట్టు ఉప్మా ఓడిపోయాను.

నిర్వాహకుడు · సాయంత్రం 6:41

బాబాయ్, దారం తప్పుతున్నాం. పేషెంట్ వివరాలు ఇంతకంటే రాయొద్దని అందరికీ మనవి.

గేటింగ్_లలిత · సాయంత్రం 7:15

నీలిమూత గారూ, రిపోర్ట్‌లో "గ్లాంజ్‌మాన్ లేదు" అని రాయకండి. "సీడీ41, సీడీ61, సీడీ42బి పరిమాణం కంట్రోల్‌తో సమానం, జీపీ2బి/3ఎ లేమి కనిపించలేదు, పనితీరు పరీక్షించలేదు, అగ్రిగేషన్ చేయించగలరు" అని రాయండి. క్లోన్ పేరు, ఎంఎఫ్‌ఐలు, కంట్రోల్ అంకె కూడా ఉండాలి. రేపు ఎవరైనా మళ్లీ చేస్తే పోల్చుకోడానికి పనికొస్తుంది.

నాకైతే ఈ పిల్ల కథలో వాన్ విల్లెబ్రాండ్ జబ్బు (ఆ ఫ్యాక్టర్ లోపం) గట్టిగా వినిపిస్తోంది. ముక్కు, నెలసరి, ప్లేట్‌లెట్లు బాగున్నాయి, ఏపీటీటీ నార్మల్ అయినా అది పోదు. అది ప్లేట్‌లెట్ మీదిది కాదు, ప్లాస్మాలోది, ఎన్ని యాంటీబాడీలు వేసినా ఈ పరీక్షలో కనపడదు. సిట్రేట్ ప్లాస్మా వేరు చేసి పెద్ద ల్యాబ్‌కి యాంటిజెన్ (ఎంతుంది), యాక్టివిటీ (ఎంత పనిచేస్తోంది) రెండూ పంపించండి.

రక్తచందనం · సాయంత్రం 7:32

దీంతో పూర్తిగా ఏకీభవిస్తాను. అగ్రిగేషన్ చేయించి తీరాలి, రిస్టోసెటిన్‌తో (వాన్ విల్లెబ్రాండ్, గోడ కొక్కెం పట్టుని పరీక్షించేది) సహా. ఈలోగా ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి ముట్టుకోవద్దని ఆ తల్లికి చెప్పమనండి, ఐరన్ మొదలుపెట్టమనండి.

నీలిమూత · రాత్రి 8:10

రిపోర్ట్ అలాగే రాసి ఇచ్చాను. మా సార్ చదివి "ఇంత పొడుగేంటి" అన్నారు గానీ సంతకం పెట్టారు. ప్లాస్మా ఫ్రీజర్‌లో ఉంది, పొద్దున్నే వెళ్తుంది. ఆ తల్లి కౌంటర్ దగ్గర నిలబడి ఒకటే అడిగింది, "మేనమామని చేసుకోబట్టే ఇట్లయిందా" అని. ఇంకా తెలీదమ్మా అన్నాను. అందరికీ చాలా చాలా థ్యాంక్స్.

హిస్టోగ్రామ్_రాజు · రాత్రి 11:26

నిన్నటి నుంచి మాట్లాడలేదు, పాత ఫైళ్లు తీస్తూ కూర్చున్నాను. రెండేళ్ల కిందట ఒక కుటుంబం వచ్చింది. మేనరికం సంబంధం, అబ్బాయి తమ్ముడికి వేరే చోట గ్లాంజ్‌మాన్ అని తేలింది, అందుకని పెళ్లికి ముందు అమ్మాయికి చూడమన్నారు. 100 మైక్రోలీటర్లు వేశాను. సీడీ41 కంట్రోల్‌లో 55 శాతం వచ్చింది, క్యారియర్ కావచ్చు అని రాశాను. ఇప్పుడు చూస్తే ఆ అమ్మాయి ప్లేట్‌లెట్లు 3.9 లక్షలు, కంట్రోల్ నేనే, నావి 2.1.

లెక్క వేయక్కర్లేదు, వేశాను.

గేటింగ్_లలిత · రాత్రి 11:41

ఫోన్ చేయండి రాజు గారూ. ఫైల్లో ఉన్న అంకెతో సరిదిద్దడానికి కుదరదు, తాజా రక్తం కావాలి. నిజానికి క్యారియర్లని ఫ్లోతో గట్టిగా చెప్పలేం, సరిగ్గా చేసినా మామూలు వాళ్ల అంకెలతో కలిసిపోతుంది. తమ్ముడి జన్యు మార్పు ఏదో తెలిస్తే అదే అమ్మాయిలో వెతకడం సరైన దారి. అది కూడా వాళ్లకి చెప్పండి.

ప్లాస్మాబాబాయ్ · రాత్రి 11:48

డబ్బులు తీసుకోకు.

హిస్టోగ్రామ్_రాజు · బుధవారం మధ్యాహ్నం 1:05

చేశాను. వాళ్ల నాన్న ఎత్తారు. ఆ సంబంధం అప్పుడే వదిలేసుకున్నారట, అమ్మాయికి ఇంకా కాలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు ఆయన. ఆదివారం తీసుకొస్తానన్నారు. నీలం మూత ట్యూబులు తెప్పించి పెట్టాను.